ఉద్యోగం ఒక ఊళ్లో, ఇల్లు మరో ఊళ్లో: తెనాలి, బాపట్ల, రేపల్లె వాళ్లకు ఏ గృహ పథకం ఎంతవరకు పనికొస్తుంది?

మీ ఇల్లు రేపల్లెలో. ఉద్యోగం మంగళగిరిలో వచ్చింది. ఇప్పుడు మీరు ఏం చేస్తారు?

మంగళగిరిలోనే అద్దెకు దిగుతారా? తెనాలిలో ఒక పోర్షన్ తీసుకుని సగం దూరం తగ్గించుకుంటారా? లేక తెల్లారకముందే లేచి రోజూ రైలో బస్సో పట్టుకుంటారా? జీతం ఎంత అన్నదానికంటే, ఈ ప్రశ్నకు మీరు చెప్పే జవాబును బట్టే నెలాఖరుకు చేతిలో ఎంత మిగులుతుందో తేలిపోతుంది. బాపట్లలో ఉండి గుంటూరు ఆస్పత్రిలో పనిచేసే నర్సుకైనా, తెనాలిలో ఉండి విజయవాడ షాపులో అకౌంట్లు చూసే కుర్రాడికైనా ఇదే లెక్క.

విచిత్రం ఏమిటంటే, ప్రభుత్వ గృహ పథకాల దరఖాస్తుల్లో మీకు సొంత ఇల్లు ఉందా, రేషన్ కార్డు ఉందా, ఆదాయం ఎంత అని అడుగుతారు. మీరు ఎక్కడ పనిచేస్తున్నారు, అక్కడికి ఎంత దూరం అన్నదాన్ని బట్టి ఇల్లు ఎక్కడ ఇవ్వాలో నిర్ణయించే పద్ధతి మాత్రం లేదు. ఉన్న పథకాల్లో మీ పరిస్థితికి ఏది సరిపోతుందో, ఏది సరిపోదో, ఎందుకో చూద్దాం.

ఈ మూడు ఊళ్ల లెక్క ఎందుకు వేరు?

2011 జనాభా లెక్కల ప్రకారం తెనాలి జనాభా సుమారు లక్షా 65 వేలు, బాపట్ల 70 వేలు, రేపల్లె 50 వేల పైచిలుకు. మూడూ పాత గుంటూరు జిల్లావే. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజనతో బాపట్ల జిల్లా కేంద్రమైంది, రేపల్లె ఆ జిల్లాలోకి వెళ్లింది. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉండిపోయింది.

రైలు పటం చూస్తే సంగతి ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. తెనాలి జంక్షన్ నుంచి నాలుగు దిక్కులకు పట్టాలున్నాయి. ఒకటి గుంటూరుకు, సుమారు 25 కిలోమీటర్లు. రెండోది దుగ్గిరాల మీదుగా విజయవాడకు, 32 కిలోమీటర్లు. మూడోది బాపట్ల, చీరాల మీదుగా చెన్నై వైపు. నాలుగోది వేమూరు, భట్టిప్రోలు మీదుగా రేపల్లెకు, 34 కిలోమీటర్లు. ఈ రేపల్లె లైను 1916 నాటిది. అంటే ఉద్యోగం ఒకచోట, ఇల్లు ఒకచోట అనే జీవితం ఇక్కడ నిన్నమొన్న మొదలైంది కాదు.

మారింది ఏమిటంటే ఉద్యోగాలు పోగవుతున్న చోటు. మంగళగిరిలో ఎయిమ్స్ వచ్చింది. నీరుకొండ, ఐనవోలు వైపు ప్రైవేటు విశ్వవిద్యాలయాలు వచ్చాయి. తెనాలి, గుంటూరు మధ్య వడ్లమూడిలో డెయిరీ, విశ్వవిద్యాలయం చాలా కాలంగా ఉన్నాయి. ఇప్పుడు అమరావతి. 2024 డిసెంబరులో ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు కలిసి రాజధానికి సుమారు 160 కోట్ల డాలర్ల రుణాలకు ఆమోదం తెలిపాయి. 2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా పనులు మళ్లీ మొదలయ్యాయి. నిర్మాణ కూలీలు, ఎలక్ట్రీషియన్లు, డ్రైవర్లు, సెక్యూరిటీ గార్డులు, క్యాంటీన్ వంటవాళ్లు, సైట్ ఇంజినీర్లు అందరి చూపూ అటే.

బాపట్లది ఇంకో కథ. అక్కడ వ్యవసాయ కళాశాల 1945 నుంచి ఉంది, ఇంజినీరింగ్ కళాశాలలున్నాయి, సూర్యలంకలో వైమానిక దళ కేంద్రం ఉంది. వీటికి తోడు జిల్లా కేంద్రం కావడంతో కలెక్టరేట్, ఎస్పీ కార్యాలయం, జిల్లా స్థాయి శాఖలన్నీ ఒక్కసారిగా వచ్చాయి. ఉద్యోగాలు ఒక జీవోతో వచ్చేస్తాయి. ఇళ్లు అలా రావు.

లెక్క ఎక్కడ తప్పుతోంది?

అమెరికాలో ఉన్న మీ బంధువుల్ని అడిగితే ‘వర్క్‌ఫోర్స్ హౌసింగ్’ అనే మాట చెబుతారు. ఆ ప్రాంత మధ్యస్థ ఆదాయంలో 60 నుంచి 120 శాతం సంపాదించే టీచర్లు, నర్సులు, పోలీసులు, ఫైర్ సిబ్బంది వంటి వాళ్ల కోసం వాళ్ల పనిచోటుకు దగ్గర్లో ఉండే ఇళ్లు అని దాని అర్థం. వీళ్లు పేదల పథకాలకు అర్హులు కారు. మార్కెట్లో కొనలేరు. కొత్త ఉద్యోగాలు వచ్చిన శివారు కౌంటీల్లో ఈ తరగతే దూరాభారంతో నలిగిపోతుంటుంది.

ఇక్కడా అచ్చంగా ఇదే తరగతి ఇరుక్కుంది. ఆంధ్రప్రదేశ్‌లో బియ్యం కార్డుకు ఆదాయ పరిమితి గ్రామాల్లో నెలకు 10 వేలు, పట్టణాల్లో 12 వేలు. ఇంటి స్థలం పట్టాకు ఆ కార్డే ప్రాతిపదిక. భార్యాభర్తలిద్దరూ పనిచేస్తే చాలు, చిన్న ఉద్యోగాలైనా ఈ గీత దాటేస్తారు. దాటగానే ఫ్లాటు కొనగలిగిన వాళ్లవుతారా అంటే, కారు.

దేశం మొత్తం మీద కూడా ఇళ్లు ఉన్నచోటు వేరు, అవసరం ఉన్నచోటు వేరు. 2012లో కేంద్రం నియమించిన నిపుణుల బృందం పట్టణాల్లో ఇళ్ల కొరత 1 కోటి 88 లక్షలని తేల్చింది. అందులో 95 శాతానికి పైగా తక్కువ ఆదాయ వర్గాలదే. అంతకు ముందు ఏడాది జనాభా లెక్కల్లో పట్టణాల్లో తాళం వేసి ఖాళీగా ఉన్న ఇళ్లు 1 కోటి 10 లక్షలకు పైగా ఉన్నాయి. రెండు అంకెలూ పక్కపక్కన పెట్టి చూడండి. కొత్తగా ఎన్ని ఇళ్లు కట్టాలన్నది సగం ప్రశ్న మాత్రమే. ఎక్కడ, ఎవరికి, సొంతానికా అద్దెకా అన్నది మిగతా సగం.

టిడ్కో ఇల్లు మీకు పనికొస్తుందా?

రాష్ట్రంలో పట్టణ గృహాలు కట్టే సంస్థ ఏపీ టిడ్కో. మూడంతస్తుల పైకి వెళ్లే అపార్ట్‌మెంట్ బ్లాకులు, షియర్ వాల్ పద్ధతిలో కట్టినవి, 300, 365, 430 చదరపు అడుగుల్లో మూడు రకాల ఇళ్లు. గత ప్రభుత్వ హయాంలో 300 చదరపు అడుగుల ఇంటిని ఒక్క రూపాయికే ఇస్తామన్నారు. మిగతా రెండింటికి లబ్ధిదారు వాటాను సగానికి తగ్గించి 25 వేలు, 50 వేలు చేశారు. వాటా పోగా 365 అడుగుల ఇంటికి 3 లక్షల 15 వేలు, 430 అడుగుల ఇంటికి 3 లక్షల 65 వేలు బ్యాంకు రుణం. రాష్ట్రవ్యాప్తంగా 2 లక్షల 62 వేల ఇళ్లు లెక్కలోకి వచ్చాయి. ఏళ్ల తరబడి పనులు సాగాయి, మధ్యలో ఆగాయి. ఇల్లు చేతికి రాకముందే వాయిదాలు కట్టమని లబ్ధిదారులకు బ్యాంకు నోటీసులు వచ్చిన సంగతి మీరు వార్తల్లో చూసే ఉంటారు.

ఉద్యోగి కోణం నుంచి చూస్తే టిడ్కోలో రెండు చిక్కులున్నాయి. మొదటిది, మీరు ఏ మున్సిపాలిటీ నివాసి అయితే అక్కడే ఇల్లు. రేపల్లె వాసికి రేపల్లెలోనే, ఉద్యోగం మంగళగిరిలో ఉన్నా సరే. రెండోది, ఈ సముదాయాలు సాధారణంగా ఊరి అంచున, చవగ్గా స్థలం దొరికిన చోట వచ్చాయి. స్టేషన్‌కు, బస్టాండుకు వెళ్లడానికే ఆటో కావాలి. రోజూ రెండుసార్లు ఆటో ఎక్కితే చవక ఇల్లు చవకగా ఉండదు.

అలాగని టిడ్కోను తీసిపారేయలేం. తెనాలిలోనో బాపట్లలోనో ఉంటూ అక్కడే పనిచేసే ఆటో డ్రైవరుకు, హోటల్ వంటమనిషికి, మున్సిపల్ పారిశుధ్య కార్మికురాలికి అది గట్టి ఇల్లు. మీ పేరు జాబితాలో ఉండి ఇంకా ఇల్లు చేతికి రాకపోతే వార్డు సచివాలయంలో, మున్సిపల్ కార్యాలయంలో స్థితి తెలుసుకోండి. బ్యాంకు రుణం మీ పేరున మంజూరై ఉంటే దాని స్టేట్‌మెంట్ కూడా ఒకసారి చూసుకోండి. సిబిల్ స్కోరు పాడైతే రేపు సొంతంగా రుణం తీసుకోవడం కష్టమవుతుంది.

సెంటు స్థలం, డెల్టా నేల

ఇళ్ల పట్టాల పథకం ఇంకో దారి. 2020 డిసెంబరు 25న మొదలైన పంపిణీలో పట్టణాల్లో ఒక సెంటు, గ్రామాల్లో సెంటున్నర ఇచ్చారు. సెంటు అంటే 48.4 గజాలు. అందులో గోడలు, మెట్లు పోగా ఇక వాకిలికి చోటెక్కడిది? 2025 జనవరిలో ప్రస్తుత ప్రభుత్వం దీన్ని పట్టణాల్లో 2 సెంట్లు, గ్రామాల్లో 3 సెంట్లు చేసింది. పదేళ్ల తర్వాతే పూర్తి హక్కులు వస్తాయి. సొంతింటికి ఇది మంచిదే. పని వెతుక్కుంటూ ఊరు మారాల్సిన వాడికి మాత్రం ఇది కదలనివ్వని ఆస్తి.

కృష్ణా డెల్టాలో ఈ పథకానికి ఇంకో ఇబ్బంది ఉంది, రాయలసీమలో ఉండనిది. తెనాలి, వేమూరు, రేపల్లె చుట్టూ ఉన్నదంతా మాగాణి. ఊరికి ఆనుకుని ప్రభుత్వ బంజరు దొరకదు. వరి పొలం కొనాలి, లేదా పల్లంలో ఉన్న భూమి తీసుకోవాలి. పల్లమైతే మెరక తోలించాలి. నల్లరేగడి ఎండాకాలం నెర్రెలిస్తుంది, వానాకాలం ఉబ్బుతుంది కాబట్టి పునాదికి ఖర్చు ఎక్కువ. ఇంటి నిర్మాణానికి యూనిట్ సాయం 1 లక్షా 80 వేలు. 2025 మార్చిలో ఎస్సీ, బీసీలకు అదనంగా 50 వేలు, ఎస్టీలకు 75 వేలు ప్రకటించారు. మెరక, పునాదికే ఎంత పోతుందో ఇక్కడ ఇల్లు కట్టిన ఎవరినడిగినా చెబుతారు.

పనిచోటుకు దగ్గర్లో పేదలకు స్థలం అన్న ఆలోచన అమరావతిలో ఒకసారి జరిగింది, కోర్టుకు వెళ్లింది. 2023 మేలో ఆర్5 జోన్ పేరుతో ఉమ్మడి గుంటూరు, కృష్ణా ప్రాంత పేదలకు 50 వేలకు పైగా సెంటు స్థలాలు పంచారు. రాజధానికి భూములిచ్చిన రైతులు మాస్టర్ ప్లాన్ మార్చడం కుదరదన్నారు. ఆగస్టు 3న హైకోర్టు ఇళ్ల నిర్మాణంపై స్టే ఇచ్చింది. ఎవరి వాదన సరైనదన్నది అలా ఉంచితే, ఇందులో పాఠం ఒకటి ఉంది. తక్కువ జీతాల వాళ్లకు చోటు మాస్టర్ ప్లాన్‌లో మొదటే గీసి ఉండాలి. తర్వాత ఇరికిస్తే పట్టా చేతిలో పెట్టుకుని కోర్టు వాయిదాల కోసం ఎదురుచూడాల్సింది పేదవాడే.

పీఎంఏవై 2.0: మీరు ఏ గీతకు ఏ వైపు ఉన్నారు?

మధ్య తరగతి ఉద్యోగికి ప్రస్తుతం ఎక్కువగా పనికొచ్చేది ఇదే. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో దశ 2024 సెప్టెంబరు 1 నుంచి అయిదేళ్లు నడుస్తుంది. లక్ష్యం కోటి ఇళ్లు. కుటుంబ వార్షికాదాయం 3 లక్షల లోపైతే ఆర్థికంగా బలహీన వర్గం, 3 నుంచి 6 లక్షలైతే అల్పాదాయ వర్గం, 6 నుంచి 9 లక్షలైతే మధ్యాదాయ వర్గం. కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. గత 20 ఏళ్లలో ఏ ప్రభుత్వ గృహ పథకంలోనూ లబ్ధి పొంది ఉండకూడదు.

సొంత స్థలంలో ఇల్లు కట్టుకోవడానికి, ప్రభుత్వ లేదా ప్రైవేటు భాగస్వామ్య ప్రాజెక్టులో ఇల్లు పొందడానికి సాయం 3 లక్షల లోపు వాళ్లకే. మన రాష్ట్రంలో కేంద్రం వాటా ఇంటికి లక్షన్నర. ఆ గీత దాటితే మిగిలేది వడ్డీ రాయితీ, అద్దె ఇళ్లు.

ఒక ఉదాహరణ చూద్దాం. భార్య ప్రైవేటు ఆస్పత్రిలో 22 వేలు, భర్త షోరూమ్‌లో 15 వేలు తెస్తున్నారనుకోండి. నెలకు 37 వేలు, ఏడాదికి 4 లక్షల 44 వేలు. బియ్యం కార్డు గీత ఎప్పుడో దాటారు. లక్షన్నర సాయానికీ అర్హులు కారు. వడ్డీ రాయితీకి అర్హులే. ఇంటి విలువ 35 లక్షలు, రుణం 25 లక్షలు మించకూడదు. రుణంలో మొదటి 8 లక్షల మీద 4 శాతం వడ్డీ రాయితీ, 12 ఏళ్ల కాలానికి లెక్కగట్టి గరిష్ఠంగా 1 లక్షా 80 వేలు, అయిదు వార్షిక వాయిదాల్లో ఖాతాలో వేస్తారు.

వీళ్లు 15 లక్షల రుణం 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెల వాయిదా 13 వేల రూపాయల చుట్టూ ఉంటుంది. జీతాల్లో 35 శాతం. రాయితీ పూర్తిగా వస్తే ఏడాదికి 36 వేలు, అంటే నెలకు 3 వేలు కలిసొస్తాయి, అదీ అయిదేళ్లు. ఆ తర్వాత మళ్లీ 13 వేలే. ఇప్పుడు అసలు ప్రశ్న. ఆ ధరకు ఇల్లు ఎక్కడ దొరుకుతుంది? రాజధాని దగ్గరా, బాపట్ల శివార్లలోనా? రాయితీ ఎక్కడ కొన్నా ఒక్కటే. కాబట్టి అది సహజంగా ఉద్యోగానికి దూరంగా, చవకైన చోటుకే మిమ్మల్ని తోస్తుంది. దూరం పెరిగిన కొద్దీ ప్రయాణం ఖర్చు ఆ 3 వేలను తినేస్తుంది. రుణానికి సంతకం పెట్టే ముందు ఈ రెండు అంకెలూ ఒకే కాగితం మీద వేసుకోండి.

అద్దె ఇల్లు అనే వదిలేసిన గది

ఉద్యోగం వచ్చిన తొలి రెండు మూడేళ్లు ఎవరికైనా కావాల్సింది అద్దె ఇల్లే. ఉద్యోగం నిలబడుతుందో లేదో తెలియనప్పుడు ఇల్లు కొనేదెవరు? అయినా మన గృహ విధానమంతా సొంతిల్లు చుట్టూనే తిరిగింది.

2020 జులైలో, లాక్‌డౌన్‌లో వలస కార్మికులు కాలినడకన సొంతూళ్లకు వెళ్లిన తర్వాత, కేంద్రం చవక అద్దె గృహ సముదాయాల పథకం తెచ్చింది. ఖాళీగా ఉన్న ప్రభుత్వ ఇళ్లను అద్దెకివ్వడం ఒక పద్ధతి. సంస్థలు తమ స్థలంలో కట్టి 25 ఏళ్లు నడపడం రెండోది. పీఎంఏవై 2.0లోనూ అద్దె ఇళ్ల విభాగం ఉంది. పారిశ్రామిక కార్మికులు, ఉద్యోగం చేసే మహిళలు, వలస వచ్చినవాళ్లు, విద్యార్థుల కోసమని అందులో రాసుంది. ఇక్కడ ఆస్పత్రులు, కళాశాలలు, డెయిరీలు తమ సిబ్బంది కోసం దీన్ని వాడుకోవచ్చు. మీరు పనిచేసే సంస్థలో యూనియన్ ఉంటే యాజమాన్యం ముందు పెట్టదగ్గ డిమాండ్ ఇది.

ఉద్యోగం చేసే మహిళల హాస్టళ్ల పథకంలో మాత్రం ఒక మంచి నియమం ఉంది. కేంద్రం మార్గదర్శకాల ప్రకారం ఒక్కరుండే గదికి అద్దె జీతంలో 15 శాతం, ఇద్దరుండే గదికి 10 శాతం, డార్మిటరీకి ఏడున్నర శాతం మించకూడదు. ఈ పథకం ఇప్పుడు ‘సఖి నివాస్’ పేరుతో ఉంది. అద్దెను జీతంతో ముడిపెట్టిన నియమం మన దగ్గర ఇంకెక్కడా అంత సూటిగా కనిపించదు. హాస్టల్ వెతుకుతున్న అమ్మాయిలు జిల్లా మహిళా శిశు సంక్షేమ కార్యాలయంలో ఈ పేరుతో అడగండి.

మామూలు పోర్షన్ తీసుకునేవాళ్లకు రెండు విషయాలు. ఓనర్లు 11 నెలల ఒప్పందమే రాస్తారు. ఏడాది, అంతకు మించిన లీజును 1908 రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టర్ చేయించాలి కాబట్టి. కేంద్రం 2021 జూన్‌లో ఆమోదించిన మాదిరి అద్దె చట్టంలో నివాస గృహాలకు అడ్వాన్స్ రెండు నెలల అద్దెకు మించరాదని ఉంది. అది మాదిరి చట్టమే, అయినా బేరమాడేటప్పుడు చెప్పుకోవడానికి ఒక ఆధారం. అద్దె ఫోన్‌పే, గూగుల్‌పేలో పంపండి. రసీదు ఇవ్వని ఓనరు దగ్గర అదే మీ రసీదు.

ప్రభుత్వ ఉద్యోగులకు ఇంటి అద్దె భత్యం ఉంటుంది, కానీ అది పట్టణ జనాభా శ్లాబును బట్టి వచ్చే శాతం. ఆ వీధిలో అద్దె ఎంతన్నది చూడరు. ఆ జనాభా ఇప్పటికీ 2011దే. బాపట్లకు కలెక్టరేట్ రాకముందు, అమరావతి అన్న పేరు రాజధానికి పెట్టకముందు లెక్కపెట్టిన జనం అన్నమాట.

నిర్మాణ కూలీల సంగతి వేరు. 1996 నాటి భవన నిర్మాణ కార్మికుల చట్టం 34వ సెక్షన్ ప్రకారం, పని జరిగినంత కాలం సైటులోనో దగ్గర్లోనో ఉచితంగా తాత్కాలిక వసతి ఇవ్వాల్సింది యజమానే. వంటకు, స్నానానికి, మరుగుదొడ్డికి విడిగా చోటు ఉండాలి. ఈ చట్టాన్ని ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లో కలిపారు. మీ ఊరి నుంచి మేస్త్రీ వెంట రాజధాని పనులకు వెళ్తున్నవాళ్లు షెడ్డు అద్దె కూలీలో కోస్తున్నారేమో గమనించుకోవాలి.

ఇల్లే పనిచోటు అయితే?

బాపట్ల జిల్లాలో చాలామందికి ఇల్లు, పని వేరు కాదు. చీరాల, వేటపాలెం చేనేత కార్మికుడికి గుంటమగ్గం ఇంట్లోనే ఉంటుంది. నేలలో గుంత తవ్వాలి, కాళ్లు అందులో పెట్టి కూర్చోవాలి, వానాకాలం గుంతలోకి నీళ్లు ఊరకూడదు. ఆయనకు రెండో అంతస్తులో 365 చదరపు అడుగుల ఫ్లాటు ఇస్తే మగ్గం ఎక్కడ దింపుతాడు? ఆ ఇంటితో పాటు వృత్తి కూడా పోతుంది. నిజాంపట్నం మత్స్యకారుడికి వలలు ఆరేయడానికి, ఇంజను దాచుకోవడానికి చోటు కావాలి, రేవుకు నడిచి వెళ్లే దూరంలో ఉండాలి. రొయ్యల చెరువుల కాపలాదారు చెరువు గట్టు మీద గుడిసెలోనే ఉంటాడు, ఊళ్లో పట్టా ఉన్నా సరే.

సచివాలయంలో చేనేత, మత్స్యకార కుటుంబాలు దరఖాస్తు చేసేటప్పుడు ఫ్లాటుకు బదులు సొంత స్థలంలో నిర్మాణ సాయం అడగడం మేలు. స్థలం ఉంటే పీఎంఏవై 2.0లో ఆ విభాగం ఉంది. మగ్గం గదికి ప్లాన్‌లో చోటు మొదటే చూపించండి.

ఎవరూ గృహ పథకం అనని గృహ పథకం

ఈ ప్రాంతంలో ఉద్యోగుల్ని నిజంగా నిలబెడుతున్నది రైలు సీజన్ టికెట్. 150 కిలోమీటర్ల వరకు ఇస్తారు. రేపల్లె నుంచి గుంటూరు సుమారు 60 కిలోమీటర్లు, బాపట్ల నుంచి విజయవాడ 75 లోపే. సెకండ్ క్లాస్ పాస్ ధరను గుంటూరులో ఒక గది అద్దెతో పోల్చి చూడండి, ఆ తేడాయే మీకు వచ్చే గృహ రాయితీ. సూపర్‌ఫాస్ట్ ఎక్కాలంటే అదనపు సర్‌చార్జి కట్టాలి, రిజర్వేషన్ బోగీలు ఎక్కకూడదు. పాస్ రైల్‌వన్ యాప్‌లో తీసుకోవచ్చు.

2025 ఆగస్టు 15 నుంచి ‘స్త్రీ శక్తి’ పథకం వచ్చాక మహిళలకు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. తెనాలి నుంచి విజయవాడలో పనికి వెళ్లే అమ్మాయికి నెలకు వేలల్లో మిగులుతోంది. పైన చెప్పిన దంపతుల లెక్క మళ్లీ తీయండి. వడ్డీ రాయితీ నెలకు 3 వేలు అయిదేళ్లే. ఉచిత బస్సు పథకం నడిచినన్నాళ్లూ. ఇల్లు ఎక్కడ కొనాలన్న నిర్ణయాన్ని గృహ శాఖ కంటే ఆర్టీసీ ఎక్కువ మారుస్తోందంటే అతిశయోక్తి కాదు.

కానీ రైలూ బస్సూ మిగిల్చేది డబ్బును, సమయాన్ని కాదు. చివరి రైలు దాటితే షిఫ్టు ఉద్యోగికి దారి లేదు. రాత్రి డ్యూటీ నర్సుకు, హోటల్ ఉద్యోగికి ఉచిత బస్సు ఉన్నా ఆ వేళకు బస్సు ఉండదు. కొత్త రైలు మార్గం విషయానికొస్తే, ఎర్రుపాలెం నుంచి అమరావతి మీదుగా నంబూరుకు 57 కిలోమీటర్ల లైనుకు 2024 అక్టోబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. అది గుంటూరు, విజయవాడ లైనులో కలుస్తుంది. తెనాలి, రేపల్లె వాళ్లు నంబూరు దాకా వెళ్లి మారాల్సిందే. ఆ వేళలు కుదిరితేనే వాళ్లకు ఉపయోగం.

ప్రభుత్వానికి ఇది చేతకాదా?

చేతనవును. 2016లో సచివాలయ ఉద్యోగుల్ని హైదరాబాద్ నుంచి వెలగపూడికి తరలించినప్పుడు ఉచిత వసతి ఇచ్చారు, వారానికి అయిదు రోజుల పని పెట్టారు, రాకపోకలకు ప్రత్యేక రైలు నడిపారు. ఏడాది కోసమన్న ఆ సదుపాయాల్ని మళ్లీ మళ్లీ పొడిగించారు. ఎమ్మెల్యేలకు, అఖిల భారత సర్వీసు అధికారులకు, ఎన్జీవోలకు, నాలుగో తరగతి ఉద్యోగులకు రాజధానిలో బహుళ అంతస్తుల నివాసాలు మొదలుపెట్టారు. 2019 తర్వాత ఆగిపోయిన ఆ పనులు మళ్లీ నడుస్తున్నాయి. విశాఖ ఉక్కు కర్మాగారం కట్టినప్పుడు ఉక్కునగరం కట్టారు, నాగార్జునసాగర్‌కు హిల్ కాలనీ కట్టారు. ఉద్యోగంతో పాటు ఇల్లు అన్న ఆలోచన మనకు కొత్త కాదు. యజమాని ఒక్కడే అయితే జరుగుతుంది. వందల చిన్న ఆస్పత్రులు, షాపులు, కాంట్రాక్టర్ల దగ్గర పనిచేసేవాళ్ల తరఫున ఆ పని చేయాల్సింది ప్రణాళికా సంస్థలే.

ఇక్కడ ఆ సంస్థ సీఆర్‌డీఏ. 2024లో దాని పరిధిని మళ్లీ 8,352 చదరపు కిలోమీటర్లకు పెంచారు, తెనాలి అందులోనే ఉంది. మీ పట్టణం మాస్టర్ ప్లాన్ లేదా జోనల్ ప్లాన్ ముసాయిదా ప్రకటించినప్పుడు అభ్యంతరాలు, సూచనలకు గడువు ఇస్తారు. ఎక్కువగా స్పందించేది స్థలాల యజమానులు, రియల్టర్లే. అద్దెకుండేవాళ్లు కూడా రాయవచ్చు. స్టేషన్, బస్టాండుకు నడిచే దూరంలో అద్దె ఇళ్లకు చోటు చూపమని ఒక పేజీ రాస్తే చాలు.

ఇంకొకటి జనగణన. 2011లో ఇంటి నుంచి పనిచోటుకు ఎంత దూరం, ఎలా వెళ్తారు అని అడిగారు. ఉద్యోగం, ఇల్లు మధ్య దూరాన్ని ప్రభుత్వం లెక్కపెట్టిన అరుదైన సందర్భం అది. ఈసారి ఇళ్ల జాబితా దశకు 2026 ఏప్రిల్, సెప్టెంబరు మధ్య కాలాన్ని, జనాభా లెక్కింపునకు 2027 ఫిబ్రవరిని నిర్ణయించారు. రేపల్లె ఇంట్లో తల్లిదండ్రులతో పేరు ఉండి, మీరు మాత్రం మంగళగిరిలో గదిలో ఉంటున్నారా? అయితే మీరు నిజంగా ఉంటున్న చోటే వివరాలివ్వండి. అద్దె ఇల్లయితే అద్దె అనే చెప్పండి. ఓనరు పన్ను భయంతో ‘బంధువులని చెప్పండి’ అంటారు. అలా చెబితే ఆ వీధిలో అద్దెకుండేవాళ్ల లెక్కలో ఒకరు తగ్గుతారు, భత్యం శ్లాబు నుంచి అద్దె గృహాల ప్రతిపాదన దాకా రాబోయే కొన్నేళ్లు ఆ లెక్కతోనే నడుస్తాయి.